పెద్ద చెట్టు క్షేమం

గుడివాడ,
11-7-1937

అక్కయ్యకు,

నీ హైమ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మా అత్తగారి మోకాళ్ల నొప్పి వానలతోపాటు వచ్చింది, వానలతోపాటే పోతుందని ఆవిడే ధైర్యం చెప్పుకుంటున్నారు.

నీకో వింత కబురు. మీ మరిదిగారికి ఈమధ్య అడవి పిచ్చి పట్టింది. సైన్సు మేష్టారు గదా, పిల్లల చేత పువ్వులు కోయించి రెక్కలు లెక్కపెట్టించీ పెట్టించీ విసుగొచ్చినట్టుంది. కోయంబత్తూరు దాటాక ఆనమలై కొండల్లో గవర్నమెంటు వారు నరకనివ్వకుండా కాపాడుతున్న మహా వృక్షాలున్నాయట. క్రిస్మస్ సెలవుల్లో చూసొద్దామంటున్నారు. స్కూల్లో ఇంకో ఇద్దరు మేష్టర్లు భార్యలతో సహా వస్తామన్నారు. బెజవాడలో రైలెక్కి మద్రాసు, అక్కణ్ణించి పొల్లాచ్చి, ఆపైన బస్సు, ఆపైన ఎడ్లబండి. రైళ్ల టైములన్నీ కాగితం మీద వేసి గోడకి అంటించారు. కాఫీ తాగుతూ దాన్నే చూస్తుంటారు.

నాన్నగారు గుమాస్తాగా పనిచేసిన అడవి అదే గదక్కా! నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది, తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయారు. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. కానీ నువ్వు చదివి వినిపించిన ఉత్తరం మాత్రం గుర్తుంది. ఏడుగురు చేతులు పట్టుకుంటే గాని చుట్టు అందని టేకు చెట్టు గురించి రాశారు చూడు, ఆ ఉత్తరం. అందులో చెట్టు ఆనవాళ్లు ఉన్నట్టు జ్ఞాపకం. అది నాకు పంపు. నేను ఆ చెట్టు కింద ఒక్కసారి నిలబడాలి. నాన్నగారిది నాకంటూ ఇంకేమీ లేదు.

నువ్వూ బావగారూ కూడా వస్తే ఎంత బాగుంటుందో! బావగారికి కచేరీలో సెలవు దొరక్కపోతే నువ్వొక్కదానివైనా రా.

నీ చెల్లెలు
హైమవతి


బందరు, ఈడేపల్లి,
20-7-1937

చిరంజీవి హైమని అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి మీ బావగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదిరోజుల ప్రయాణం, మోకాళ్ల నొప్పుల అత్తగారిని వదిలేసి, చెట్లు చూడ్డానికా? చెట్లే చూడాలంటే దివిసీమలో కావలసినంత మడ అడవుంది. నాగాయలంకలో పడవెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు.

ఆ కొండలు మంచివి కావు. అక్కడి నీళ్లు తాగితే చలిజ్వరం. మన నాన్నగారిని మింగింది ఆ జ్వరమే. ఉన్న ఒక్క చెల్లెల్ని కూడా దానికి అప్పగించమంటావా?

ఇక ఆ ఉత్తరం చెదలు తినేసింది. కావడిపెట్టె అడుగున పెట్టాను, చూసుకోలేదు. మరిదిగారికి నచ్చజెప్పు. ఆయన నీ మాట వింటారు.

త్రిపురసుందరి


గుడివాడ,
29-8-1937

అక్కయ్యకు,

చెదలు తిందన్నావు. సరే. కానీ కిందటి వేసవిలో బందరు వచ్చినప్పుడు నీ కావడిపెట్టె నేనే సర్దానక్కా. వేపాకు వేసి, కర్పూరం వేసి, చీరలన్నీ నేనే పెట్టాను. చీరల్ని వదిలిపెట్టి ఒక్క ఉత్తరాన్నే తిన్నదంటే ఆ చెద అక్షరాలు వచ్చినదై ఉండాలి.

మొన్న నాగాయలంక వెళ్లొచ్చాను. బాబాయి మనవరాలికి అన్నప్రాశన, నువ్వు రాలేదు. పులిగడ్డ దాటిందగ్గర్నుంచీ వానే. భోజనాలయ్యాక వసారాలో బాబాయి పక్కన కూర్చుని మా ప్రయాణం సంగతి చెప్పాను. ఆయన తాంబూలం నమలడం ఆపేశారు. "అటెందుకమ్మా? మీ నాన్నని ఏనుగు తొక్కిన చోటు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది" అన్నారు. "ఏనుగేమిటి బాబాయ్, జ్వరం కాదూ?" అన్నాను. ఆయన పిన్ని వైపు చూశారు. పిన్ని వెంటనే "ఏవండీ, వడియాలు తడిసిపోతున్నాయి" అని కేకేసింది. శ్రావణమాసంలో వడియాలెవరు పెడతారక్కా?

ఇంకోటి. బాబాయి పంచాంగంలోంచి ఒక కార్డు జారిపడింది. నేను వంగి తీసిచ్చేలోగా ఆయన దానిమీద కూర్చున్నారు. అరవై ఏళ్ల మనిషి, కరిణీకం చేసిన మనిషి, కార్డు మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మేము బయల్దేరేదాకా లేవలేదు. కాళ్లకు దణ్ణం పెడితే కూర్చునే దీవించారు.

మీరిద్దరూ కూడబలుక్కోవడం మరిచిపోయినట్టుంది. ఒకరు జ్వరమంటారు, ఒకరు ఏనుగంటారు. ఏది నిజం? మా ఆయన "ఇరవయ్యేళ్ల నాటి మాట, ఎవరికి సరిగ్గా గుర్తుంటుంది" అని మీ పక్షమే మాట్లాడారు. నాకు మాత్రం అన్నం సయించడం లేదు. కన్నతండ్రి ఎలా పోయాడో ఎవరూ మరిచిపోరు.

హైమ


బందరు, ఈడేపల్లి,
29-9-1937

చి.సౌ. హైమవతికి,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

అక్కని బోనెక్కించి అడగడం ఎవరు నేర్పారు నీకు? మరిదిగారా, మీ అత్తగారా? నాన్నగారికి ముందు జ్వరం వచ్చింది. ఒళ్లు తెలియని జ్వరంలో బయటికి నడిచి వెళితే ఏనుగు తొక్కింది. జ్వరమన్న నా మాటా నిజమే, ఏనుగన్న బాబాయి మాటా నిజమే. చిన్నపిల్లవి, భయపడతావని సగమే చెప్పాం. ఇప్పుడు మొత్తం విన్నావుగా, తృప్తిగా ఉందా?

నాన్నా నాన్నా అని కలవరిస్తున్నావే, అమ్మ నీకు ఎప్పుడైనా గుర్తొచ్చిందా? నిన్న భాద్రపద బహుళ నవమి. పసుపు కుంకుమలతో పోయిన తల్లికి ఏటా అవిధవ నవమి నేనే జరుపుతున్నాను. నిన్న ఆనందమ్మ గారిని ముత్తయిదువగా పిలిచి, తలంటి, గారెలూ పరమాన్నం పెట్టి, చీరా రవికా ఇచ్చి పంపాను. ఒక్క ఏడు మానలేదు. మా సత్యవేణి పుట్టి నేను పురిట్లో ఉన్నప్పుడు కూడా మీ బావగారి చేత జరిపించాను. నువ్వు ఏ రోజైనా అడిగావా, అక్కా, అమ్మకి ఏం చేస్తున్నావని?

సత్యవేణికి మాఘంలో పెళ్లి కుదిరేలా ఉంది. బంటుమిల్లి వారు. పిల్లవాడు బి.ఏ. పాసయ్యాడు. క్రిస్మస్ సెలవుల్లో నువ్వొచ్చి నాకు సాయం చెయ్యాలి. కాబట్టి అడవి ప్రయాణం ఎలాగూ కుదరదు.

త్రిపురసుందరి


గుడివాడ,
7-10-1937

అక్కయ్యకు,

నువ్వు రాసిన ఉత్తరాలు మా అత్తగారికి పైకి చదివి వినిపించడం నాకు అలవాటని నీకు తెలుసు. ఆవిడకి చదువు రాదు, బందరు కబుర్లంటే ప్రాణం. కోపంగా రాసినవన్నీ మింగేసి, నవమి సంగతీ పెళ్లి సంగతీ చదివాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే "మంచి పని చేస్తోంది మీ అక్క. అయితే మీ నాన్నగారు ఉన్నారన్నమాట" అన్నారు.

"లేరుగదా అత్తయ్యా, నా పెళ్లికి ముందే పోయారుగా" అన్నాను.

"మరి అవిధవ నవమి ఎలా చేస్తోందే? ఆ మొగుడు బతికున్నంత కాలమే అది. మొగుడు పోయిన ఏడుతో మానెయ్యాలి. ఇక అందరితోపాటు అమావాస్యకే. మా పుట్టింట్లో మా అమ్మకి అలాగే ఆపేశారు" అన్నారావిడ.

నేను నమ్మలేదు. వీరాంజనేయశాస్త్రి గారు పంచాంగం చెప్పడానికి వస్తే, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆయనా అదే మాట అన్నారు. భర్త ఉన్నంత వరకే.

ఇప్పుడు చెప్పు. నీకు తెలియదని మాత్రం రాయకు. మడి నీళ్లలో పిట్ట రెట్టేస్తే బావి మొత్తం తోడించే మనిషివి నువ్వు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఒక్క తిథి తప్పలేదు. బావగారు పక్కనే ఉండి ఏటా చూస్తున్నారంటే ఆయనకీ తెలుసు. బాబాయికి తెలుసు. పిన్నికి తెలుసు. అంతా తెలిసి ఊరుకున్నారు.

ఇంకా ఒకటి గుర్తొచ్చింది. నాన్నకి తద్దినం పెట్టగా నేను ఎన్నడూ చూడలేదు. అడిగితే, రామేశ్వరంలో అన్నీ జరిపించేశాం, ఇక ఏటా అక్కర్లేదు అనేవారు బాబాయి. ఆయన పోయిన తిథి ఏదో నాకు ఈనాటికీ తెలియదు.

నాన్న ఉన్నారా?

హైమ


బందరు,
16-10-1937

హైమా,

అలవాటుగా చేస్తున్నాను, అంతే. పొరపాటు. వచ్చే ఏటి నుంచి మానేస్తాను.

బంటుమిల్లి వారు ఆచారం గల మనుషులు. తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. ఏడు తరాలు అడుగుతున్నారు. పెళ్లి అయ్యేదాకా ఈ సంగతి ఎత్తకు, నీకు పుణ్యం ఉంటుంది. మీ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి ఏదో ఒకటి సర్దిచెప్పు.

ఈ ఉత్తరం చించెయ్యి.

త్రి.


గుడివాడ,
20-10-1937

అక్కా,

చించలేదు. చింపను కూడా.

నేను అడిగింది ఒక్క మాట. దానికి నువ్వు జవాబు రాయలేదు, రాయకుండానే జవాబు వచ్చింది. ఏడు తరాలు అడిగారని ఆయన్ని దాస్తున్నావంటే, నా పెళ్లప్పుడు కూడా ఇదే జరిగిందన్నమాట. అప్పుడు నా పెళ్లి కోసం, ఇప్పుడు నీ కూతురి పెళ్లి కోసం. ఎన్నిసార్లు చంపుతారు ఆయన్ని?

మా అత్తగారికి ఏం సర్దిచెప్పనక్కరలేకపోయింది. ఆవిడ రెండు రోజులు ఊరుకుని, నిన్న నా తల దువ్వుతూ "వెళ్లి చూసిరా. నా మోకాళ్లు నేను చూసుకుంటాను" అన్నారు. నేను డిసెంబరు ఇరవై నాడు గుడివాడలో రైలెక్కుతున్నాను. మా ఆయనకి చెట్ల కోసం. నాకు దేనికోసమో నీకు తెలుసు.

ఆయన అసలు అక్కడే ఉన్నారా, ఎందుకు రాలేదు, ఏం చేశారు? నువ్వు రాస్తే విని వెళతాను. రాయకపోతే ఆ కొండమీద కనిపించిన ప్రతి ముసలాయన్నీ అడుగుతాను.

హైమవతి


బందరు, ఈడేపల్లి,
12-12-1937

నా చిట్టి చెల్లెలికి,

యాభై రోజులు ఆలోచించాను. మీ బావగారు రోజూ అడిగారు, రాశావా అని. ఇవాళ రాస్తున్నాను.

ఉన్నారు. అక్కడే ఉన్నారు.

అమ్మ పోయిన ఆరేళ్లకి, ఆ కొండమీద చెట్లు నరికే కూపు కూలీలకు వంట చేసే ఒకావిడని నాన్న పెళ్లి చేసుకున్నారు. పాల్ఘాటు వైపు మనిషి. వితంతువు. మన కులమే, కానీ అది ఎవరికి కావాలి? దాచకుండా ఆ సంగతంతా బాబాయికి ఉత్తరం రాశారు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, నీకు తొమ్మిది. గుడివాడ వారు నిన్ను చూసి వెళ్లి వారమైంది. వితంతువుని పెళ్లాడిన వాడి కూతుర్ని ఆ రోజుల్లో ఎవరు చేసుకుంటారు? నాన్నమ్మ ఏడ్చి ఏడ్చి "వాడు పోయాడనుకోండి" అంది. బాబాయి దాన్ని ఊళ్లో నిజం చేశారు. ఆయన ఏనుగని చెప్పారు, నేను జ్వరమని చెప్పాను. ఎవరూ రెండోసారి అడగలేదు. ఇరవై ఏళ్ల తరవాత నువ్వు అడిగావు.

అంతవరకూ పెద్దల పాపం. నా పాపం వేరే ఉంది. నీ పెళ్లికి వస్తానని నాన్న నాకు రాశారు. పందిట్లో కూర్చోను, వీధిలో నిలబడి నిన్ను ఒక్కసారి చూసి వెళ్లిపోతానన్నారు. నేనే రాశాను రావద్దని. "మీరు వస్తే హైమ బతుకు నాశనమవుతుంది, మీరు లేరనుకుంటున్నాం" అని నా చేత్తో రాశాను. ఆయన రాలేదు. మళ్లీ ఎప్పుడూ వస్తాననలేదు. ఏటా ఒక కార్డు నాగాయలంక అడ్రసుకి వస్తుంది. బాబాయి నాకు చేరుస్తారు. ఆయన కూర్చున్నది ఈ ఏటి కార్డు మీదే.

నేను ఒక్కదానికి కూడా జవాబు రాయలేదు. ఏమని రాయను?

మరి నవమి ఎందుకు చేశానంటావా? ఆ ఒక్కటీ మానితే ఆయన నిజంగా పోయినట్టే అనిపించేది. లోకానికి నోటితో పోయారని చెప్పాను గానీ, అమ్మకి ఆ అబద్ధం చెప్పలేకపోయాను. బాబాయికీ అంతే, బతికున్న అన్నకి పిండం పెట్టలేక రామేశ్వరం కథ అల్లారు. చివరికి నీ దగ్గర గొప్పలు పోబోయి నేనే దొరికిపోయాను.

కార్డులన్నీ ఈ కవరులో పెట్టాను. చెదలు తినలేదు. ఆ పాత ఉత్తరం కూడా ఉంది. నన్ను అక్కా అని పిలవాలనిపిస్తే పిలువు.

త్రిపురసుందరి


పొల్లాచ్చి, రైల్వే స్టేషను,
30-12-1937

అక్కా,

బండి రావడానికి రెండు గంటలుంది. మా ఆయన ఆకులు పుస్తకంలో పెట్టి అంటిస్తున్నారు. నేను బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

దారి పొడుగునా నాకు నీ మీద అనుమానమే. కార్డులు పంపింది నన్ను మెత్తబరచడానికేమో, ఈలోగా ఆయనకి రాసి ఎక్కడికైనా పంపించేసిందేమోనని. మద్రాసు నుంచి ఆ పంతొమ్మిది కార్డులూ వరసగా పెట్టుకుని చదివాను. అన్నిటిలోనూ ఒకటే. "పెద్ద చెట్టు క్షేమం. మీ క్షేమం కోరుతాను." ఒక ఏడు మాత్రం "పెద్ద చెట్టుకి పిడుగుపడి ఒక కొమ్మ పోయింది, చెట్టు క్షేమం" అని ఉంది. నువ్వు ఆ కార్డుని పసుపు చేత్తో పట్టుకున్నట్టున్నావు, అంచున వేళ్ల మరక ఉంది. అది చూశాక నీ మీద అనుమానం పోయింది.

కొండమీద రెస్టుహౌసు దగ్గర దిగాం. చెట్టు చూపించడానికి ఎవరున్నారని అడిగితే అక్కడి వాచరు "తెలుగాయన ఉన్నారు, రిటైరయినా కొండ దిగలేదు, ఆయనే చూపిస్తారు" అని పంపించాడు. పాత ఖాకీ కోటు, పంచె, చేతిలో కర్ర. బక్కగా, పొడుగ్గా ఉన్నారు. నీ ముక్కేనక్కా. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే మా వైపు కాస్త అనుమానంగా చూసి "ఏ ఊరు మీది?" అన్నారు. మా ఆయన గుడివాడ అన్నారు. ఆయన ఇంకేం అడగకుండా ముందు నడిచారు. ఆ తరవాత ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

చెట్టుని ఏమని చెప్పను? తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టింది గానీ చివర కనబడలేదు. నరకవలసిన చెట్లకి సుత్తితో ముద్ర వేయించే పని ఆయనదేనట. "దీనికి ముద్ర వెయ్యమని మూడుసార్లు కాగితం వచ్చింది. మూడుసార్లూ లోపల పుచ్చిందని రాశాను. ఆ తరవాత ఒక దొర వచ్చి చూసి, దీన్ని ముట్టుకోవద్దని ఆర్డరు వేశాడు" అన్నారు. "పుచ్చిందా మరి?" అని మా వాళ్లలో ఒకరు అడిగారు. "లేదండీ, నిక్షేపంలా ఉంది" అన్నారు. మన వంశంలో ఉన్నదాన్ని లేదని చెప్పడం ఆయన దగ్గరే మొదలైనట్టుంది.

ఆరుగురం చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ నిలబడ్డాం. అందలేదు. నాకూ అవతలి మేష్టారికీ మధ్య ఒక మనిషి ఖాళీ ఉండిపోయింది. "ఏడుగురు కావాలమ్మా" అని ఆయనే కర్ర పక్కన పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. అందరూ నవ్వుతున్నారు. నేను బెరడుకి చెంప ఆనించి, ఆయనకి మాత్రమే వినబడేలా అడిగాను, "పెద్ద చెట్టు క్షేమమేనా?" అని.

అందరూ చేతులు వదిలేశారు. ఆయన వదల్లేదు. అలాగే పట్టుకుని "మీ అక్క రాలేదా?" అన్నారు.

అంతే అక్కా. నన్ను ముందు అడగలేదు. నిన్నడిగారు. నువ్వు రాసిన ఆ ఒక్క ఉత్తరం ఇప్పటికీ ఆయన పెట్టెలో ఉంది. "పందొమ్మిదేళ్ల పిల్ల. ఎంత ఏడుస్తూ రాసిందో, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి" అన్నారు. నీ మీద ఇసుమంత కోపం లేదు. నాకే ఉంది. రైల్లో కొంత పోయింది, మిగిలింది బందరు వచ్చి దెబ్బలాడి తీర్చుకుంటాను.

తరవాత నన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య బాగా పెద్దావిడ. తెలుగు రాదు. నేనెవరో ఆయన చెప్పగానే లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, తలుపు చాటున నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సత్యవేణి పెళ్లి సంగతి ఆయనకి చెప్పాను. సంతోషించారు. ఎప్పుడు, ఎక్కడ అని మాత్రం అడగలేదు.

హైమ


బందరు, ఈడేపల్లి,
11-1-1938

హైమా,

నీ ఉత్తరం మీ బావగారు చదివి వినిపించారు. నాకు కళ్లద్దాలు ఉన్నా అక్షరాలు కనబడలేదు.

మొన్న బంటుమిల్లి వారు తాంబూలాలకి వచ్చారు. పీటల మీద కూర్చున్నాక, మీ బావగారు చెప్పబోతే ఆపి, వియ్యంకుడి గారితో నేనే చెప్పాను. మా నాన్నగారు బతికే ఉన్నారు, ఫలానా చోట ఉన్నారు, ఫలానా ఆవిడని పెళ్లి చేసుకున్నారు, ఇరవై ఏళ్లుగా లేరని అబద్ధం చెబుతున్నాం అని. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచారు. ఇంట్లో పెద్దవాళ్లతో ఆలోచించుకుని ఆదివారంలోగా కబురు పంపుతామని వెళ్లారు. పిల్లవాడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి సత్యవేణి వైపు చూశాడట. ఆ మాట అది నాలుగుసార్లు చెప్పింది. సత్యవేణి ఏడవలేదు. "తాతగారు ఎలా ఉంటారమ్మా?" అని అడిగింది. నీ ఉత్తరం దానికిచ్చాను.

ఆదివారం ఏ కబురు వస్తుందో తెలియదు. అయినా ఇవాళ ఒక శుభలేఖ నా చేత్తో రాశాను. ముహూర్తం రాయాల్సిన చోట ఖాళీ వదిలాను, నాలుగు మూలలా పసుపు పెట్టాను. పైన ఆయన పేరూ, ఆవిడ పేరూ కలిపి రాసి, నాగాయలంక మీదుగా కాకుండా నేరుగా ఆ కొండ అడ్రసుకే పంపాను.

ఇరవై ఏళ్ల కిందట రాసినప్పటిలాగే అక్షరాలు అలుక్కుపోయాయి. కానీ ఈసారి రావద్దని రాయలేదు.

అక్క